రేపటి నుంచి పని లేదు

(ఒక సీనియర్ కార్మిక న్యాయవాది సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తన పేరు మీద సభలు పెట్టొద్దని సారు చెప్పి పోయారు. సభ పెట్టాం కానీ బ్యానర్ మీద పేరు వేయలేదు. వకీలు సారు అంటే ఎవరో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆయన ఆఫీసుకు కొత్త కక్షిదారు వస్తే ఫీజు మాట, కాగితాల మాట తర్వాత. మొదట ఒకటే అడిగేవారు: "నీ పని ఎవరు బంద్ చేస్తే బంద్ అయితది?" నువ్వు నౌకరివా, కాంట్రాక్టువా అని అడిగేవారు కాదు. అది అవతలి వకీలు ఎలాగూ అడుగుతాడు, మనమెందుకు ముందే అడగడం అనేవారు.

నేను ఎంచుకున్న విషయం అదే. జీతగాడు కాని మనిషి, తన చేతిపనితో తాను బతికే మనిషి, ఏళ్ల తరబడి ఒకే చోటు నుంచి పని తెచ్చుకుంటాడు. ఒక రోజు ఆ పని ఇవ్వడం ఆపేస్తారు. అప్పుడు అతనికి చట్టం ఏమిస్తుంది? బట్టల దుకాణానికి జాకెట్లు కుట్టిపెట్టే టైలరు, సేటు దగ్గర బీములు (పడుగు చుట్టిన దిమ్మెలు) తెచ్చుకుని నేసే ఆసామి, అచ్చయిన వార్తకు సెంటీమీటరు లెక్కన లైన్ అకౌంట్ తీసుకునే మండల విలేకరి, బండి మీద అన్నం ప్యాకెట్లు మోసే పిల్లవాడు, జీతం కాదు వృత్తి రుసుం అని పన్ను కోసి ఇచ్చే కార్పొరేట్ ఆసుపత్రిలోని కన్సల్టెంట్ డాక్టరు. వీళ్లందరూ ఒక సంఘంలో కూర్చోరు. ఒకరి కష్టం ఒకరికి తెలియదు కూడా. కానీ పని ఆగిన రోజున అందరి పరిస్థితీ ఒక్కటే.

బీడీ దగ్గర మొదలుపెడతాను. సారు జీవితంలో సగం అక్కడే గడిచింది.

బీడీలు చుట్టే మనిషిని కంపెనీ ఎప్పుడూ "తీసేయదు". తీసేస్తున్నామని రాసిన కాగితం నేనింతవరకు చూడలేదు. ఆకు ఇవ్వడం ఆపుతుంది, అంతే. కార్ఖానాలో టేకేదారు, అంటే మధ్యలో ఉండే కాంట్రాక్టరు, తునికాకు, తంబాకు, దారం తూచి ఇస్తాడు. ఆమె ఇంటికి తెచ్చి ఆకు తడిపి, కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి తిరిగి అప్పజెప్తుంది. వెయ్యికి ఇంత అని కూలి. బాగాలేదనుకున్న బీడీలు తీసి పక్కన పడేస్తాడు, వాటికి కూలి ఉండదు. ఒక రోజు "ఆకు రాలేదు, వారం ఆగు" అంటాడు. వారం నెలవుతుంది. పక్కింటామెకు మాత్రం ఆకు వస్తూనే ఉంటుంది. ఎక్కువగా అడిగినందుకో, సంఘం మీటింగుకు పోయినందుకో, లేక ఏ కారణమూ లేకుండానో, ఈమె ఆకు ఆగింది. కంపెనీని అడిగితే ఆమె మా మనిషి కాదు, టేకేదారు మనిషి అంటుంది. టేకేదారును అడిగితే నేను కమీషన్ వాణ్ని, ఆమె తన ఇంట్లో తనకు వీలైనప్పుడు చుట్టుకుంటుంది, నాకేం సంబంధం అంటాడు.

ఈ వాదన మీద సుప్రీంకోర్టు చాలా ఏళ్లు అటూ ఇటూ ఊగింది. 1958లో చింతామన్‌రావు కేసులో, తంబాకు తీసుకుపోయి బయట బీడీలు చేయించి తెచ్చే సట్టేదార్లు స్వతంత్ర కాంట్రాక్టర్లే, ఫ్యాక్టరీ చట్టం కింద కార్మికులు కారు అంది. 1961లో నాగపూర్ నుంచి వచ్చిన బిర్దీచంద్ శర్మ కేసులో, ఫ్యాక్టరీలో కూర్చుని చుట్టేవాళ్లు తమకు తోచిన వేళకు వచ్చి పోయినా, కూలి లెక్క మీద పనిచేసినా కార్మికులేనంది. బీడీ బాగాలేదని తీసిపారేసే అధికారం యజమానిదైనప్పుడు అదుపు అతనిదే అన్నది అప్పుడు చెప్పిన కారణం. మరుసటి ఏడే శంకర్ బాలాజీ వాజె కేసులో దాదాపు అలాంటి మనిషినే కార్మికుడు కాదంది. ఆ తీర్పులో విభేదించిన న్యాయమూర్తి మన కోకా సుబ్బారావు గారు. కార్మికుడనే చెప్పారు ఆయన. ఒకే ఆకు, ఒకే తంబాకు, ఒకే రకం వేళ్లు, కేసు ఏ బెంచి ముందుకు పోయిందన్నదాన్ని బట్టి మనిషికి హక్కు పుట్టడమో పోవడమో జరిగేది.

ఆ గందరగోళాన్ని పార్లమెంటు 1966లో తెంచింది. బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. సారు ఈ చట్టం పుస్తకం అట్ట ఊడేదాకా వాడారు. అందులో ఇంట్లో కూర్చుని చుట్టే మనిషి కూడా ఉద్యోగే. యజమాని నేరుగా ఇచ్చినా, మధ్యలో టేకేదారు ఉన్నా తేడా లేదు. ఇక రెండు సెక్షన్లు చూడండి. 31వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు పనిచేసిన మనిషిని సబబైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ నెల కూలి గానీ ఇవ్వకుండా వదిలించుకోవడానికి వీలుండేది కాదు. అలా చేస్తే అప్పీలుకు పోయే దారి ఉండేది. 39వ సెక్షన్ ఇంకా ముచ్చటైనది. ముడిసరుకు ఇవ్వడం మీద వచ్చే తగాదాను, తీసిపారేసిన బీడీల మీద తగాదాను, వాటి కూలి మీద తగాదాను అధికారి ముందు పెట్టి తేల్చుకునే వీలుండేది. ముడిసరుకు ఇవ్వకపోవడం కూడా ఒక తగాదా అని చట్టం ఒప్పుకుంది. అంటే, మాట అనకుండా మనిషిని తీసేసే పద్ధతి ఒకటుందని ఢిల్లీలో చట్టం రాసినవాళ్లకు తెలుసు. ఇప్పటి ఫోన్ యాప్‌ల భాషలో చెప్పాలంటే "ఐడీ ఉంది, ఆర్డర్లు రావట్లేదు" అనే ఫిర్యాదుకు 1966లోనే ఒక సెక్షన్ రాసి పెట్టారు.

యజమానులు ఊరుకోలేదు, చట్టం చెల్లదని కోర్టుకెక్కారు. 1974లో మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. భవిష్యనిధి అయితే 1977లో బీడీ పరిశ్రమకు వర్తించింది, ఇంటి దగ్గర చుట్టేవాళ్లకు అది రాదన్న వాదనను పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో కొట్టేశారు. నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి, సిరిసిల్ల పల్లెల్లో ఇవాళ ఒకామె పీఎఫ్ కార్డు చూపించి బీడీ కార్మికుల భృతి తీసుకుంటోందంటే దాని వెనక ఈ చరిత్ర అంతా ఉంది.

ఇదంతా చట్టం పేరుపెట్టి పిలిచిన మనుషుల సంగతి. పేరు పెట్టనివాళ్ల సంగతి కోర్టుల చేతిలో పడింది. అందులో మనకు దగ్గరిది సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు. తెలంగాణ ప్రాంత దుకాణాల చట్టం కింద నడిచి 1973లో తేలింది. టైలర్లు దుకాణానికి వచ్చి కుట్టేవారు, బట్టకు ఇంత అని కూలి, కొందరు బట్టలు ఇంటికి కూడా తీసుకుపోయేవారు, ఇతర దుకాణాల పని కూడా పట్టేవారు. మిషన్లు దుకాణందారువి. కుట్టు నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టమనేవాడు, వినకపోతే ఇంకో బట్ట ఇచ్చేవాడు కాదు. జస్టిస్ మాథ్యూ తీర్పు రాస్తూ, ఆ తిరస్కరించే హక్కులోనే అదుపు ఉంది, ఒకే మనిషి ఇద్దరు ముగ్గురు యజమానుల దగ్గర పనిచేసినంత మాత్రాన ఉద్యోగి కాకుండా పోడు అన్నారు. ఈ రెండో మాట ఇప్పుడు చాలా పనికొస్తుంది. రెండు యాప్‌లకు పనిచేస్తున్నాడు కాబట్టి స్వతంత్రుడు అని వాదించేవాళ్లకు యాభై ఏళ్ల కిందటి టైలరు జవాబు చెప్తున్నాడు.

ఇక 1978లో హుస్సేన్‌భాయ్ కేసు. కోళికోడ్‌లో తాళ్లు పేనే ఫ్యాక్టరీ. ఇరవై తొమ్మిది మందికి పని ఇవ్వడం ఆపేశారు. వాళ్లు కాంట్రాక్టరు మనుషులు, మాకు సంబంధం లేదు అన్నాడు యజమాని. జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు రెండు మూడు పేజీలు మించదు. ఆయన చెప్పినదాని సారం ఇది: మనుషుల శ్రమతో సరుకు తయారై అది మరొకరి వ్యాపారానికి పోతుంటే ఆ మరొకరే యజమాని; వాళ్ల తిండి, నైపుణ్యం, పని కొనసాగడం అతని చేతుల్లో ఉన్నాయి; అతను ఏ కారణంగానైనా గొంతు నొక్కితే వీళ్లకు పని పోయినట్టే. మధ్యలో ఎంతమంది కాంట్రాక్టర్లున్నా తెర తీసి చూడాలన్నారు. సారు అడిగే ప్రశ్న ఇక్కడిదేనని నా అనుమానం. ఆయన మాత్రం తన తాత దగ్గర నేర్చుకున్నానని బుకాయించేవారు.

ఆ తీర్పును ఎవరూ కొట్టేయలేదు కానీ తర్వాతి కాలం దాన్ని మెల్లగా పక్కకు జరిపింది. 2001లో స్టీల్ అథారిటీ కేసు, 2014లో బల్వంత్ రాయ్ సలూజా కేసు తర్వాత, ఎవరు నియమించారు, జీతం ఎవరిచ్చారు, క్రమశిక్షణ ఎవరి చేతిలో ఉంది, తీసేసే అధికారం ఎవరిది అని అంశాల వారీగా రుజువు చేయమంటారు. పేద మనిషి దగ్గర ఈ రుజువులు ఉండవు, ఉండకుండా చూడటానికే అవతలివాళ్లు వకీళ్లను పెట్టుకుంటారు. మండల విలేకరుల చేత "జర్నలిజం నా ప్రధాన వృత్తి కాదు, నాకు వేరే జీవనాధారం ఉంది" అని ముందే సంతకం చేయించుకోవడం ఈ సభలో ఉన్న విలేకరి మిత్రులకు కొత్త సంగతి కాదు. వాళ్లు నవ్వుతున్నారు, చూడండి.

యాప్‌లు ఆ కాగితాన్ని ఫోన్‌లోకి తెచ్చాయి. మొన్నామధ్య ఒక డెలివరీ పిల్లవాడు మా దగ్గరికి వచ్చాడు. పొద్దున లాగిన్ అయితే ఖాతా నిలిపివేశామని వచ్చిందట. కారణం లేదు. సహాయం నొక్కితే మరలు మాట్లాడినట్టు అదే జవాబు మళ్లీ మళ్లీ. బండి ఈఎంఐ నెలనెలా కట్టాలి. అతని చేతిలో నియామక పత్రం లేదు, తీసివేత పత్రమూ లేదు, కోర్టులో చూపించడానికి ఒక స్క్రీన్‌షాట్ ఉంది.

ఇతనికి చట్టం ఏం చెప్తుంది? 2020 సామాజిక భద్రతా కోడ్ గిగ్ వర్కర్ అనే మాటను మొదటిసారి చట్టంలోకి తెచ్చింది. మాట తెచ్చింది కానీ యజమాని, ఉద్యోగి సంబంధానికి బయట ఉన్నవాడే గిగ్ వర్కర్ అని నిర్వచనంలోనే తలుపు మూసింది. కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం నిధికి కట్టాలంది. ప్రమాదమైతే, జబ్బుచేస్తే ఆ నిధి అక్కరకొస్తుంది. పని ఆపేస్తే? నిశ్శబ్దం. రాజస్థాన్ 2023లో తెచ్చిన చట్టం కూడా ముఖ్యంగా సంక్షేమ నిధి చట్టమే. కర్ణాటక 2025 చట్టం ముందడుగు వేసి, రాతపూర్వకంగా కారణం చెప్పి, పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా తొలగించకూడదంది. తెలంగాణ కూడా 2025 ఏప్రిల్‌లో తన ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. మంచిదే. కానీ ఈ చట్టాలన్నీ యాప్ మనుషులకే. టైలరుకు ఫోన్‌లో యాప్ లేదు కాబట్టి నోటీసు అక్కర్లేదా?

ఇప్పుడు నిజంగానే కాంట్రాక్టరయిన మనిషి దగ్గరికి వద్దాం. కార్మికుడని వాదించలేనివాడు, వాదించడం ఇష్టం లేనివాడు. సిరిసిల్ల ఆసామి. అతనికి నాలుగో ఎనిమిదో సొంత సాంచాలు, అంటే మరమగ్గాలు. సేటు బీము ఇస్తాడు, నూలు ఇస్తాడు, మీటరుకు ఇంత అని కూలి కడతాడు. ఆసామి కింద ఒకరిద్దరు కార్మికులు, సహాయపనులు చేసే వైపని వాళ్లు. అతను ఒక చేత్తో కూలి తీసుకుంటూ మరో చేత్తో కూలి ఇచ్చేవాడు. సేటుకు గిరాకీ తగ్గితే బీము ఆపుతాడు, కరెంటు బిల్లు, సాంచాల అప్పు ఆసామి నెత్తిన ఉంటాయి. 2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇవ్వడంతో సిరిసిల్ల కొన్నేళ్లు ఊపిరి పీల్చుకుంది. 2024లో ఆ పథకం ఆగినప్పుడు షెడ్లు మూతపడ్డాయి. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది, మళ్లీ సాంచాలు తిరిగాయి. ఏ ప్రభుత్వం మంచిది, ఏది చెడ్డది అని ఈ వేదిక మీద తేల్చను. ఒక ఊరు మొత్తానికి ఒకే కొనుగోలుదారు ఉన్నప్పుడు, వచ్చే ఏడు ఆర్డరు ఉంటుందో లేదో ఆ ఊరికి ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నది నా ప్రశ్న. ఏటా కొత్త ఆర్డరే కాబట్టి చట్టం ప్రకారం ఒక్క రోజు ముందు కూడా చెప్పనక్కర్లేదు.

ఒప్పందాల చట్టం 1872 నాటిది. చేసిన పనికి డబ్బు రాబట్టుకోవడానికి అది గట్టి ఆయుధమే. ఒప్పందం రాసుకోకపోయినా, ఉచితంగా చేయని పనికి 70వ సెక్షన్ కింద ప్రతిఫలం అడగవచ్చు. ఒప్పందం ఉల్లంఘిస్తే 73 కింద నష్టపరిహారం. దానికి తోడు 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం ఉంది. ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకున్న ఆసామి గానీ, సొంతంగా డిజైన్లు గీసే అమ్మాయి గానీ, బిల్లు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో రాకపోతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడగవచ్చు, చెల్లింపుల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిలుకు పోవచ్చు. నమోదుకు పైసా ఖర్చు లేదు. అయినా చేసుకోరు! పని పట్టకముందే నమోదు చేసుకోండి, తగాదా వచ్చాక చేసుకుంటే పాత బిల్లులకు అది వర్తించదని అవతలివాళ్లు వాదిస్తారు.

కానీ ఇవన్నీ నిన్నటి పనికి. రేపటి పనికి ఏముంది?

రెండు తీర్పులు చెప్తాను, రెండూ ఇండియన్ ఆయిల్ మీదే. 1965 నుంచి ఒక సంస్థ వాళ్ల దగ్గర లూబ్రికెంట్లు కొని అమ్ముకునేది. రాతకోతల ఒప్పందం సరిగా లేదు. 1983లో ఉన్నట్టుండి సరఫరా ఆపేశారు. మహాబీర్ ఆటో స్టోర్స్ కేసుగా అది సుప్రీంకోర్టుకు పోతే 1990లో కోర్టు అన్నది: మీరు ప్రభుత్వ సంస్థ, అన్నేళ్ల సంబంధాన్ని తెంచేముందు ఆ మనిషి మాట వినాలి, సమంజసంగా నడుచుకోవాలి, రాజ్యాంగం 14వ అధికరణం మీకు వర్తిస్తుంది. మరుసటి ఏడు అమృత్‌సర్ గ్యాస్ ఏజెన్సీ కేసు. ఏజెన్సీ రద్దు తప్పే, ఒప్పుకున్నారు. అయితే ఒప్పందంలో ముప్పై రోజుల నోటీసుతో ఎవరైనా తప్పుకోవచ్చని ఉంది కాబట్టి, ఆ ముప్పై రోజుల రాబడి ఇస్తే సరిపోతుంది, ఏజెన్సీ తిరిగి ఇవ్వమని ఆదేశించలేం అన్నారు. నిర్దిష్ట పరిహార చట్టం కూడా ఇదే చెప్తుంది, ఎప్పుడైనా రద్దు చేసుకోగల ఒప్పందాన్ని కొనసాగించమని కోర్టు బలవంతపెట్టదు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మన చట్టం ఎక్కడ నిలబడిందో తెలుస్తుంది. పని ఇచ్చేది ప్రభుత్వమైతే సమంజసం అనే మాట వాడవచ్చు. ప్రైవేటు సేటయితే కాగితం మీద ఏముంటే అదే. కాగితంలో నెల నోటీసు రాయించుకోగలిగినవాడికి నెల. రాయించుకోలేనివాడికి సున్న. గ్యాస్ ఏజెన్సీ వాడికి నెల రాబడి దక్కింది, ఎందుకంటే కాగితం ఉంది. బీడీ అక్కకు నెల కూలి దక్కే దారి ఉండేది, ఎందుకంటే చట్టం ఉంది. మధ్యలో ఉన్న లక్షల మందికి కాగితమూ లేదు, చట్టమూ లేదు.

స్వతంత్ర వ్యాపారికి నోటీసు ఏమిటి, విడ్డూరం అనేవాళ్ల కోసం బయటి దేశాల సంగతులు కొన్ని చెప్పాలి. జర్మనీలో కమీషన్ ఏజెంటు ఎవరి ఉద్యోగీ కాడు, పూర్తిగా స్వతంత్రుడు. అయినా అతని ఏజెన్సీ తెంచాలంటే మొదటి ఏడాదిలో నెల ముందు చెప్పాలి, రెండో ఏడాది రెండు నెలలు, మూడు నుంచి అయిదేళ్ల వరకు మూడు నెలలు, ఆపైన ఆరు నెలలు. అతను కూడగట్టిన ఖాతాదారుల వల్ల కంపెనీకి ఇంకా లాభం వస్తుంటే దాదాపు ఏడాది కమీషన్ దాకా పరిహారం కూడా అడగవచ్చు. ఆ పరిహారం 1953 నుంచి ఉంది. 1986లో ఐరోపా సమాజంలోని సభ్య దేశాలకు ఈ నమూనా ఆదేశంగా మారింది. ఆస్ట్రేలియాలో 2025 ఫిబ్రవరి నుంచి, ఆరు నెలలు క్రమంగా పనిచేసిన యాప్ వర్కరును అన్యాయంగా ఆపేస్తే అతను నేరుగా ట్రిబ్యునల్‌కు పోవచ్చు. ఉద్యోగినని నిరూపించుకోనక్కర్లేదు.

జపాన్ సంగతి వింటే సారు ఎగిరి గంతేసేవారు. 2024 నవంబరు 1 నుంచి అక్కడ ఫ్రీలాన్సర్ల చట్టం అమల్లో ఉంది. ఆరు నెలలు, అంతకు మించి ఒకరి చేత పని చేయించుకున్నవాడు ఆ ఒప్పందాన్ని ఆపాలన్నా, పొడిగించకుండా వదిలేయాలన్నా, ముప్పై రోజుల ముందు చెప్పాలి. అడిగితే కారణం చెప్పాలి. యాప్ అయినా, దర్జీ పని అయినా, బొమ్మలు గీయడమయినా ఒకటే.

ఆరు నెలలు, ఒక నెల. ఈ లెక్క ఎక్కడో విన్నట్టు లేదూ? మన 1966 బీడీ చట్టం 31వ సెక్షన్ లెక్కే ఇది.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వృత్తి భద్రత కోడ్ రద్దు చేసిన పదమూడు చట్టాల్లో బీడీ చట్టం ఒకటి. కొత్త కోడ్‌లో బీడీల కోసం ఒక భాగం ఉంది. లైసెన్సులు, వాటి మీద అప్పీళ్లు, ఫ్యాక్టరీ బయట పని చేయించడానికి అనుమతి, ఇలాంటివి ఉన్నాయి. నెల నోటీసు మాట ఆ భాగంలో లేదు. ఆకు ఇవ్వని తగాదా మాటా లేదు. పారిశ్రామిక సంబంధాల కోడ్ కింద నోటీసు అడగవచ్చు, కానీ దానికి ముందు "నేను వర్కర్‌ని" అని రుజువు చేయాలి, ఏడాది నిరంతర సర్వీసు చూపాలి. అంటే 1958 నాటికి వెనక్కి పోయి మళ్లీ మొదటి నుంచి వాదించాలి. జపాన్ కొత్తగా తెచ్చుకున్నదాన్ని మనం ఏడాది దాటగానే పాత సామాన్లలో వేశాం. దీన్ని సరళీకరణ అంటున్నారు. సెక్షన్ల సంఖ్య తగ్గింది నిజమే.

సంఘాల మిత్రులతో ఇక్కడ నాకు చిన్న భేదం ఉంది. అందరినీ కార్మికులుగా ప్రకటించాలి, మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి అని వాళ్ల డిమాండు. యాప్ పిల్లల విషయంలో ఆ పోరాటం సాగాల్సిందే, 2021 నుంచి సుప్రీంకోర్టులో వాళ్ల పిటిషన్ ఉంది. బ్రిటన్‌లో ఉబర్ డ్రైవర్లు అదే ఏడు ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టులో గెలిచారు కూడా. కానీ నేను లేబర్ కోర్టులో తల నెరిసినవాణ్ని. కార్మికుడా కాదా అన్న ఒక్క ప్రశ్న తేలడానికి ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలుసు. పైగా ఆసామి తనను కార్మికుడనమంటే ఒప్పుకోడు. కన్సల్టెంట్ డాక్టరు అసలే ఒప్పుకోడు. వాళ్లకు కావలసింది హోదా కాదు, కాస్త వ్యవధి. ఇంకో సేటును వెతుక్కునేందుకు, బండి అప్పు వాళ్లతో మాట్లాడుకునేందుకు ఒక నెల.

యజమానుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఒకటి నిజంగా ఆలోచించదగ్గది. ఆర్డర్లే లేనప్పుడు ఎక్కణ్నుంచి తెచ్చి ఇవ్వమంటారు? చిన్న సేటు కూడా మునుగుతున్నాడే! నిజం. నోటీసు చట్టం లేని పనిని పుట్టించలేదు. అందుకే పాత సెక్షన్‌లోనే నోటీసు లేదా నెల కూలి అని రెండు దారులు పెట్టారు. మొన్నటి ఆరు నెలల సగటు తీసి ఒక నెల ఇస్తే ముగిసిపోతుంది. మరీ చిన్నవాళ్లకు, ఒంటరిగా పని చేయించుకునేవాళ్లకు మినహాయింపు పెట్టవచ్చు. మోసం, హింస, కస్టమరు మీద దాడి వంటి వాటిలో నోటీసు అక్కర్లేదని రాయవచ్చు, కర్ణాటక వాళ్లు అలాంటి వెసులుబాటు పెట్టుకున్నారు. వ్యాపారంలో నష్టం వస్తే దాన్ని మొట్టమొదట, అదీ మొత్తంగా, అందరికంటే తక్కువ ఉన్నవాడే మోయాలన్న అలవాటును మాత్రం చట్టం కాపాడనక్కర్లేదు.

కాలేజీ పిల్లలు వెనక వరసల్లో ఉన్నారు కాబట్టి ఒక్క ఆచరణ మాట. రేపు మీలో చాలామంది ఉద్యోగం కాని పనులే చేస్తారు. పని ఇచ్చేవాడి మాటలు వాట్సాప్‌లో ఉంటే చెరిపేయకండి. రేట్లు, తిరస్కరణలు, వేళలు, అన్నీ దాచండి. బ్యాంకు స్టేట్‌మెంటులో ఒకే చోటు నుంచి నెలనెలా వచ్చిన డబ్బు అన్నిటికంటే పెద్ద సాక్షి. కొత్త సాక్ష్య చట్టంలో ఎలక్ట్రానిక్ ఆధారాలకు 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి, వట్టి స్క్రీన్‌షాట్ ప్రింటు తీసుకొస్తే జడ్జిగారు పక్కన పెడతారు. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఒక్క వాక్యం చేర్చమని అడగండి: ఎవరు ఆపినా నెల ముందు చెప్పాలి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. అడిగినంత మాత్రాన పని ఇవ్వననేవాడు తర్వాత ఎలా ఆపుతాడో ముందే తెలిసిపోతుంది.

కార్మిక సంక్షేమం, సామాజిక భద్రత, ఒప్పందాలు, ఇవన్నీ ఉమ్మడి జాబితాలోవి. కేంద్రం తీసేసినదాన్ని రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకోవచ్చు, కేంద్ర చట్టంతో పేచీ వస్తుందనుకుంటే రాష్ట్రపతి ఆమోదం తీసుకోవచ్చు. సారు జూనియర్లం కొందరం కూర్చుని ఒక సెక్షన్ రాశాం. పెద్దదేమీ కాదు. ఒకరి కోసం ఆరు నెలలు క్రమంగా పనిచేసిన మనిషికి, పేరు ఏదైనా, కాగితం ఉన్నా లేకపోయినా, పని ఆపేముందు కారణం రాసిచ్చి నెల ముందు చెప్పాలి, లేదా సగటు లెక్కన నెల రాబడి ఇవ్వాలి. ముడిసరుకు గానీ ఆర్డర్లు గానీ ఇవ్వకుండా ఊరుకోవడం కూడా ఆపినట్టే. తగాదా వస్తే అసిస్టెంట్ లేబర్ కమిషనరు మూడు నెలల్లో తేల్చాలి. దాని ప్రతులు బయట బల్ల మీద ఉన్నాయి. బీడీ సంఘం, ఆసాముల సంఘం, విలేకరుల సంఘం, యాప్ డ్రైవర్ల సంఘం, అందరూ ఒక్కో ప్రతి పట్టుకెళ్లండి. ఎక్కడ తప్పుందో దిద్దండి. మీ సంఘం ముద్ర వేసి, మీ ఎమ్మెల్యేకు ఒకటి, కార్మిక శాఖ కమిషనరుకు ఒకటి పంపండి.